పావుకిలో

గుణుపురంలో ముప్పైరెండు వేలకి కొన్నాం
హోమియో పాణిగ్రాహి గారి మారుతి.
"బరువే మన శత్రువు" అన్నాడు దండాసి.

వెనక సీటు పీకి టీకొట్టు ముందు పడేశాడు.
ఇప్పుడక్కడ లారీ డ్రైవర్లు కూచుని
ఒడియాలో బేరాలు, తెలుగులో బూతులు.
డోరు అట్టలు పోయాయి, రేడియో పోయింది,
స్టెప్నీ పోయింది.
నాకేసి చూశాడు:
"నువ్వు కూడా రాత్రి కూడు మానీ."

పాత నీళ్ళ పైపులు వంచి పంజరం అతికాం.
సైలెన్సర్ కోసిన రాత్రి
వీధి చివర దూడ పలుపు తెంపుకుంది.

చైత్రంలో, ఎండిన వంశధారలో పందెం.
ఇసుక మలుపులో బండి పక్కకి జారుతుంటే
డాష్‌బోర్డు లోపలెక్కడో గలగలా గలగలా,
ఏ రోగికీ అందని చక్కెర మాత్రలు.

మూడో వాళ్ళం వచ్చాం.
దండాసి బానెట్ ఎత్తలేదు,
చెవి ఆనించి విన్నాడు.
"ఇంకా పావుకిలో ఉందిరా."