పాలఖాతా

పూర్ణా మార్కెట్ వెనక, పాత పేపర్ల కొట్టులో
తూకానికి దొరికింది ఇప్పిలి వరహాలమ్మ పాలఖాతా.
సముద్రపు చెమ్మకి పేజీలు అప్పడాల్లా ఉబ్బి,
తారీకుల పక్కన వంకర పెన్సిల్‌తో
ప, ప, మ, గ.

ఏది పాలు? ఏది పంచమం?
మజ్జిగ ఎక్కడాగి మధ్యమం ఎక్కడ మొదలైంది?

అల్లిపురంలో కోడలు నవ్వింది:
"మా అత్తకి పాటలేటి?
పొయ్యికాడ ఏదో మూలిగీది."

రాత్రి వయొలిన్ మీద అన్నీ వాయించాను,
బాకీలతో సహా.
పాలు రాని రోజుల గీతల దగ్గర కమాను ఆపాను.
ఆ ఆగిన చోటే
ముఖారి తలుపు తీసింది.

కిటికీలోంచి హార్బరు కూత.
శ్రుతి కలవలేదు. పోనీ.

చరణం చివర, ముద్ర ఉండాల్సిన చోట
పాలవాడి వేలిముద్ర.