ఎనిమిది షెడ్లు

కర్ఫ్యూ సడలిన మూడో రోజు
వఫ్రాలో మా మజరాకి సర్కారు మనిషి వచ్చినాడు.
మూతికి నీలం గుడ్డ,
కారు దిగకముందే చేతులకు మందు రుద్దుకున్నాడు.
నష్టం రాసుకోవాలంట.

కీరా షెడ్లు ఎనిమిది
అన్నాడు మిస్రీ మేస్త్రీ అబ్దుల్ తవ్వాబ్.
ఆయన నమ్మలేదు. నడిచి ఎంచినాడు.
నేను ముందు పోయి
ఒక్కో షెడ్డుకీ ప్లాస్టిక్ తెర ఎత్తి పట్టుకున్నా.
లోపల ఉడుకు, పులిసిన వాసన.
కోసేవాడికి పని లేక, కొనేవాడికి దారి లేక
తీగ మీదనే ముదిరి
పసుపెక్కి, పగిలి, గింజలు కక్కిన కాయలు.
మేకలు కూడా మొదటి వారం తిని
రెండో వారం మొహం తిప్పుకున్నాయి.

మేకలు నూట పన్నెండు.
తేనెపెట్టెలు పద్నాలుగు, అందులో వట్టివి ఆరు.
మోటార్లు రెండు, ఒకటి కాలింది.
ఖర్జూరం చెట్లకు ఏమీ కాలేదు,
అయినా రాసుకున్నాడు.

పీరువల్లి నా వెనకాల నిలబడి
గొంతు తగ్గించి అడిగినాడు:
"మనం యా గడిలో వస్తాం రా?"
అదే మాట నా విరిగిన అరబ్బీలో మేస్త్రీని అడిగితే
నవ్వినాడు. ఎగతాళి కాదు.
"ఖర్చు గడిలో" అన్నాడు.
డీజిలు, ఎరువు, విత్తనం, మీరు.

నాకీ కాగితం కొత్త కాదు.
లక్కిరెడ్డిపల్లె దిక్కున
నేను నాలుగెకరాలు కౌలుకు చేసిన ఏడు
శెనిక్కాయ ఊడ దిగే వేళకు వాన మొండికేసింది.
పంటనష్టం రాయను వచ్చిన పిల్లోడు
ఎండిన చెట్టు పీకి చూసి అయ్యో అన్నాడు,
పాసుబుక్కు ఎవరి పేరున ఉందన్నాడు.
డబ్బు పడింది,
బెంగుళూరులో ఉండే ఆసామి ఖాతాలో.
ఆయన నాకే ఫోను చేసినాడు:
"ఇదేంటికి పడిందబ్బా?"
చెప్పినా.

రంజాన్ దాటినాక అబూ మిషారికి మెసేజి వచ్చింది.
ముసలాయన కళ్లద్దాలు ఎక్కడో మర్చిపోయి
ఫోను నా చేతికిచ్చి చదవమన్నాడు.
అరబ్బీ అంకెల్లో సున్నా అంటే ఉత్త చుక్క.
స్క్రీను మీద దుమ్ము తుడిచి
చుక్కలెన్నో, దుమ్మెంతో తేల్చి
రెండుసార్లు చదివినా.
అల్‌హందులిల్లా అని ఇసకలోనే కూలబడినాడు.

అబద్ధమెందుకు, చెడ్డోడు కాదు.
లారీలు ఆగిన నెలల్లో
కొడుకు కారు అమ్మి మాకు బియ్యం దింపినాడు.
వచ్చిన డబ్బు డీజిలోడికి పోయింది, బ్యాంకుకు పోయింది,
కొత్త మోటారుకు పోయింది.
మాకు ఆగిన ఐదు జీతాల్లో రెండు అందినాయి.
మూడు ఇన్షా అల్లాలో ఉన్నాయి.

చెప్పడం మరిచినా.
ఆ పొద్దు సర్కారు మనిషి పోతా పోతా
జనరేటరు గది వెనక్కి తొంగి చూసినాడు.
విరిగిన కూలరు చట్రం మీద చిక్కుడు పాదు,
పీరువల్లి ఊర్నుంచి
రుమాలు కొసన ముడేసుకొచ్చిన విత్తనం.
ఏసీ కారే నీళ్లకు పాకింది.
బకాలా వ్యాను రాని నలభై రోజులు
ఏడుగురం దాన్నే తిన్నాం.
"ఇదేంది?" అన్నాడు ఆయన.
మేస్త్రీ అటు చూడకుండానే "గడ్డి" అన్నాడు.
పెన్ను జేబులో పెట్టుకొని పోయినాడు.

రాత్రి పళ్లెంలో కాయలు ఈనె తీస్తా
దగ్గు తెర కాస్త ఆగినాక
పీరువల్లి అన్నాడు:
"ఈ యేడు గడ్డి బాగా కాసిందిరా."