జానెడు సందు

కవాగుచిలో ఏడో అంతస్తు.
బట్టల మిషన్ పట్టగా మిగిలినంత
నా బాల్కనీ.
అందులోనూ నేల మధ్య ఒక ఇనప మూత:
నిప్పంటుకుంటే దాన్నెత్తి, నిచ్చెన జార్చి
కిందింటి బాల్కనీలోకి దిగాలి.
దాని మీద పూచికపుల్ల కూడా పెట్టకూడదని
ఏడాదికోసారి ఒకాయన వచ్చి చెప్పి
సంతకం పెట్టించుకుని పోతాడు.

మొదటి చెట్టుని టీవీ పక్కన పెట్టాను.
జూనిపర్. పన్నెండొందల యెన్లు, కుండీతో సహా.
రోజూ చెంచాతో నీళ్లు పట్టాను
చంటిపిల్లకి ఉగ్గు పట్టినట్టు.
నెలన్నర పచ్చగానే ఉంది.
అనుమానమొచ్చి గోటితో గీకితే
బెరడు కింద అంతా గోధుమరంగు.
ఎప్పుడో చచ్చిపోయింది,
చెప్పడానికి మొహమాటపడింది.

రెండోది కొనలేదు.
నేను గేటు దగ్గర నిలబడే స్టేషన్లో
మూడో ప్లాట్‌ఫారం చివర, సిమెంటు పగుల్లో
జెల్కోవా మొలక. నాలుగాకులు.
స్టేషన్ రోడ్డు పొడవునా దాని పెద్దలు
నాలుగంతస్తులెత్తు నిలబడి ఉన్నారు.
కలుపు తీసేవాళ్లు శుక్రవారం వస్తారు.
గురువారం ఆఖరి రైలు వెళ్లిపోయాక
టార్చి పళ్లతో కరిచి పట్టుకుని
తిండి పుల్లతో తవ్వాను.
ఆ రాత్రి నా టోపీ తల మీద లేదు,
మట్టితో బరువుగా చేతుల్లో ఉంది.

మూడోది మేపుల్.
అమ్మిన ముసలావిడ డబ్బు లెక్కపెడుతూ అంది:
"నీళ్లు పోయడం నేర్చుకోవడానికే మూడేళ్లు.
ఈలోగా దీన్ని చంపకు."

ఎండ తొమ్మిదికొచ్చి పదకొండున్నరకి పోతుంది.
ఆ రెండున్నర గంటల కోసం
నా యూనిఫాం చొక్కాలూ చెట్లూ పోట్లాడుకుంటాయి.
చెట్లే గెలుస్తాయి.
తడి కాలరుతో పనికెళ్లిన రోజులున్నాయి.

పక్కింటికీ నాకూ మధ్య పలచటి పలక.
"ప్రమాదం వేళ బద్దలుకొట్టి వెళ్లండి"
అని దాని మీద రాసి ఉంటుంది.
ప్రమాదమేదీ రాలేదు గనక
ఐదేళ్లుగా కువబరా గారెవరో నాకు తెలీదు.
పలక కింద మాత్రం
జానెడు సందు.

ఆగస్టు. వరసగా రెండు రాత్రుల డ్యూటీ.
మెట్లెక్కుతూనే ఏడుపుకి సిద్ధమయ్యాను.
వచ్చి చూస్తే మట్టి తడిగా ఉంది.
వాన పడలేదు.
సందులోంచి ఇటు పారి ఆరిపోయిన నీటి చార.
కూర్చుని వంగి చూశాను.
ఒక చెయ్యి. వేళ్ల మీద పాత కాలిన మచ్చలు,
ఈ ఊరి ఇనప పోతల కొలిమివి.
"ఆ చివరిదానికి నా డబ్బా ముక్కు అందలేదు.
ఈసారి కాస్త ఇటు జరిపి వెళ్లండి."

ఇప్పటికీ ఆయన నాకు మణికట్టు దాకానే తెలుసు.

చలికాలంలో సందు కింద నుంచి
ఒక ఖాళీ కుండీ జరిగి వచ్చింది.
లోపల తెల్లటి గారచార.
"ఇందులో ఏముండేది?"
"పైన్."
ఎప్పటిదాకా అని నేనడగలేదు.
జెల్కోవాని అందులోకి మార్చాను.
వేళ్లు కత్తిరిస్తుంటే అవతల దగ్గు ఆగింది.

ఏ కొమ్మ ఉంచాలి, ఏది తీసెయ్యాలి,
పుస్తకాల్లో బాణాలూ త్రికోణాలూ బోలెడు.
నేను పలక దగ్గర గొంతుక్కూర్చుని
కుండీతో సహా చెట్టుని సందుకి ఆనించి చూస్తాను.
పట్టకపోతే ఆ చిగురు తుంచేస్తాను.
డ్యూటీ ఉన్న రాత్రి అవన్నీ
అటువైపుకి పోవాలి గదా.
అక్కడ మధ్యాహ్నం ఎండ కూడా ఉందట.

నిన్న మేపుల్ కొస
ఒక వేలు ఎక్కువైంది.
ఆ కొసనే ఎర్రటి జత ఆకులు,
ఇంకా మడతలు కూడా విప్పుకోనివి.
కత్తెర తీసుకున్నాను, దించాను,
మళ్లీ తీసుకున్నాను.

పలక అవతల చాప మీద మోకాళ్లు ఆనిన చప్పుడు.
"ఉండనివ్వండి, నెజు గారూ.
కాస్త పడుకోబెట్టి తోయండి.
నేనిటు లాక్కుంటాను."