తరుగు

టెఫ్ గింజ చూశారా మీరెప్పుడైనా?
గసగసాలు కూడా దాని ముందు పెద్దవే.
కిందపడితే వెతకరు మా గొజ్జాంలో,
నేలకు చెల్లిందనుకుంటారు.
నా దొంగతనం సరిగ్గా ఆ సైజులో మొదలైంది.

బిచెనా సంతవీధి చివర డీజిలు మర నాది.
పిండి జారే గొట్టం లోపల
అరచేతి వెడల్పు రేకుముక్క ఒకటి వంచి బిగించాను.
బస్తాకి పిడికెడు అక్కడ ఆగిపోయేది.
ఎవరైనా సంచి ఎత్తి చూసి మొహం చిట్లిస్తే
"తరుగమ్మా, తరుగు. పిండి గాలికి ఎగరదా?" అనేవాణ్ణి.
గాలి మీద నేరం మోపడం ఎంత తేలిక!
అది వచ్చి సాక్ష్యం చెప్పదు.

పదకొండేళ్లు.
పిడికెళ్లు బస్తాలయ్యాయి, బస్తాలు ఇంటికి రేకుల కప్పయ్యాయి,
ఒక కోడెదూడ, నా పెళ్లాం మెడలో వెండి శిలువ.
చిత్రమేమిటంటే
పిడికెడు బరువుకి అలవాటుపడ్డ చేతులు
బస్తా ఎత్తడం మరిచిపోయాయి.
నలభై రెండేళ్లకే కుర్రాణ్ణి కూలికి పెట్టుకున్నాను.
రాత్రి మర ఆపినా చెవుల్లో ఆగేది కాదు.
మికాయేలు గుడి ముందునుంచి పోవాల్సివస్తే
వాగులోకి దిగి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

పెద్ద ఉపవాసం నాలుగో వారం.
ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలియదు.
అబ్బా ఎంబాకోం గోడనీడన కూర్చుని
చిరిగిన గొడుగు కుట్టుకుంటున్నాడు.
చెప్పేశాను. విప్పి తెచ్చిన రేకుముక్క
ఆయన ఒళ్లో పడేశాను.
"మొత్తం ఎంత?" అన్నాడు.
"లెక్క తెలీదు తండ్రీ."
"ఆయనకు తెలుసు. గింజతో సహా తెలుసు.
తెలిసే కొట్టేశాడు.
ఇక నువ్వు రాత్రిళ్లు కూర్చుని
ఆయన కొట్టేసిన పద్దు మళ్లీ రాస్తానంటావా?
ఆయనకన్నా నిక్కచ్చి లెక్కగాడివా, ఉబిషెత్?"
చేతిశిలువ నా నుదుటికి ఆనించాడు. చల్లగా ఉంది.
సూది పంటికింద పెట్టుకునే అన్నాడు:
"పైన ఖాతా మూశారు. ఊళ్లో ఖాతా తెరిచే ఉంది. లే."

లేచాను.
ఎలా చెప్పను, నవ్వొచ్చింది.
గుడి ఆవరణలో, ఉపవాసం రోజుల్లో,
పిండి పట్టిన మీసాల్లోంచి పగలబడి నవ్వు.
ఏడుపనుకుని ఎవరో ముసలమ్మ నీళ్లిచ్చింది.
అవీ తాగాను.

కోడెని అమ్మాను. శిలువ
పెళ్లాం తనే విప్పి బల్లమీద పెట్టింది, మాట్లాడకుండా.
మొదటి బస్తా యెషిమెబెత్ గుమ్మంలో దించి
మోకాళ్ల మీద కూర్చుని చెప్పాను.
ఆమె ఇంజెరా పెనం మీంచి కళ్లెత్తలేదు.
"తెలుసులే. నీ పిడికిటికని
ఇంట్లోనే ఓ పిడికెడు ఎక్కువ పోసి తెచ్చేదాన్ని.
కరువేడు మాత్రం పొయ్యలేకపోయాను.
ఆ ఏడు నువ్వు తీసింది నా మనవడి కంచంలోది."
పెనం మీద మూత పెట్టింది.
వెళ్లమనలేదు, కూర్చోమనలేదు.
పొగ మా ఇద్దరి మధ్యా చాలాసేపు నిలబడింది.

నేతగాడు అస్రెస్ అసలు తలుపే తియ్యలేదు.
మూడు సంతలు వెళ్లాను. మూడుసార్లూ
లోపల మగ్గం చప్పుడు ఆగింది,
మళ్లీ మొదలైంది.
పూర్వపు నాకైతే
మూసిన తలుపు ఒక్కటి చాలు కుప్పకూలడానికి.
ఇప్పుడో, మీరు నమ్మరు,
ఆ బస్తా నా భుజం మీద
పెళ్లికి పోయేవాడి శాలువాలా ఉంటుంది.
నిద్రలో ఎవరో వచ్చి
నా వెన్నుకి కొత్త దూలం ఎత్తి పోయినట్టుంది.

రేపు మళ్లీ సంత అనగా
చీకట్లోనే కొలిచాను అస్రెస్ బస్తా,
అంచుదాకా, ఆపైన ఇంకో పిడికెడు.
మూతి సరిగా ముడిపడలేదు, పడనక్కర్లేదు.
వానలింకా రాలేదు, దారి గట్టిగానే ఉంది.
కుర్రాడు సాయం వస్తానన్నాడు, వద్దన్నాను.
నడుస్తుంటే గింజలు కొన్ని రాలుతున్నాయి.
ఈసారి తరుగుకి సాక్షులున్నారు:
పిచ్చుకలు వెనకే వస్తున్నాయి.