గుంజుడు

రాత్రి రెండు దాటినంక దేవరకొండ ఏరియా దవాఖానల
జనరేటర్ ఒక్కటే మేల్కొని ఉంటది.
డ్యూటీ గదిల నేను, స్టాఫ్ నర్సు ఎలీశమ్మ,
ఫ్లాస్కుల అడుగంటిన చాయ.

"కూసో అక్కా, ఇప్పుడు నువ్వు రోగివి" అంట.
"ఎన్నేండ్ల సంది అదే గదా" అంటది.
చెప్పులిడిచి, కొంగు సదురుకొని
ముఖం నిండ లేని నొప్పి తెచ్చుకుంటది.

నేను జర్మన్ల అడుగుత:
ఎప్పటి నుంచి? ఎట్లాంటి నొప్పి?
ఒక్క ముక్క అర్థం కాకున్నా
ఆమె నల్లగొండ తెలుగుల జవాబిస్తది:
"మొన్న అమాస కాంచి బిడ్డా, పొద్దుగూకితే ఎక్కువ."
పరీక్ష గూడ ఇట్లనే ఉంటదట.
ఇరవై నిమిషాలు రోగితోని మాట,
ఇరవై నిమిషాలు కాయితం మీద రాత,
ఇరవై నిమిషాలు పెద్ద డాక్టరు ముందట అప్పజెప్పుడు.
రోగి మాత్రం రోగి గాడు,
నొప్పి నటించే ఇంకో డాక్టరు.

బిష్కెక్‌ల ఆరేండ్లు చదివిన.
మంచు మీద జారి పడ్డ కాడ రష్యన్ నేర్చిన,
ఇంటికొచ్చి స్క్రీనింగ్ టెస్టు రెండుసార్లు తప్పి
మూడోసారి ఊపిరి పీల్చిన.
అయినా హౌస్‌సర్జన్ల గదిల
నా పేరుకు ఫారిన్ అనే తోక తెగలే.
ఇప్పుడు ఇంకో దేశం నా కాయితాలు పరుచుకొని
నీ చదువు మా చదువంత ఉన్నదా అని కొలుస్తాంది.

నల్లగొండ బత్తాయి మార్కెట్ల
మా చిన్నమామ కాయ దించినప్పుడల్లా చూసిన.
టన్నుకింత తరుగు అని దళారి రాసుకుంటడు.
కోసి చూడడు, రుచి అడగడు.
కొమ్మకు కాసిన కాయలు కొన్ని
కాయనట్టే లెక్క.
నా ఆరేండ్లకు ఎంత తరుగు తీస్తరో!
ఎముకలు ఎన్ని గంటలు, గుండె ఎన్ని గంటలు,
నరాలు ఎన్ని గంటలు,
ముద్ర మీద ముద్ర.

నరాలే కావాలె నాకు.
ఇక్కడ ఆ సీటుకు సరిపోయే ర్యాంకు రాలే.
కొనే సీటు ధర విన్ననాడు
మా ఇంట్ల ఎవ్వరూ నవ్వను గూడ నవ్వలే.

నొప్పికి ఆ భాషల పదిహేను మాటలు బట్టీ పట్టిన:
పొడిచేది, మండేది, మొద్దుది, కొట్టుకునేది.
ఒక్క మాట కాడ ఎప్పుడూ ఆగిపోత.
త్సీహెండ్.
పుస్తకం అర్థం చెప్తది గాని నాలుక నమ్మది.

తెల్లారి ఓపీల కేతావత్ ద్వాళి వచ్చింది,
తండా నుంచి మొదటి ఆటోల,
పాత చీటీలు కొంగున ముడేసుకొని.
"నొప్పా అమ్మా?"
"నొప్పి గాదు."
"మంటా? తిమ్మిరా? సలుపా?"
అన్నిటికీ తల అడ్డంగ ఊపింది.
నడుము కాంచి మడమ దాక ఏలుతోని గీసి
"గుంజుతాంది" అన్నది.
"బాయిల బొక్కెన పడితే
పాతాళగరిగె ఏసి గుంజుతరు సూడు,
అట్ల, లోపటికెల్లి ఎవరో."

పెన్ను ఆగింది.
అంటే జర్మనోళ్ల కాలు గూడ
గుంజుతదన్నమాట!
నాకు నవ్వొచ్చింది, ద్వాళికి కోపమొచ్చింది.
"నేను సస్తాంటే నవ్వుతవా?"
"నిన్ను గాదమ్మా. నీ మాట నా పరీక్షల వస్తది."
చీటీ మీద ఇంగ్లీషుల రాయాల్సిన కాడ
తెలుగుల రాసిన: గుంజుడు.
మందుల కిటికీల జాని మూడుసార్లు చదివి
"ఇది ఏ గోలీ మేడమ్?" అని కేకేసిండు.

గోలి ఉన్నది, స్టాకు లేదు.
ఎమ్మారైకి నల్లగొండ పోవాలె,
నరాల డాక్టరుకు హైదరాబాదు పోవాలె,
ద్వాళి తండాకు పోయే ఆటో పన్నెండింటికే.

"నువ్వే నరాల డాక్టరువు గావొచ్చు గదా" అన్నది.
"దానికే పోతున్న."
"ఎన్నొద్దులు?"
"అయిదేండ్లు. ఆరు గావొచ్చు."

ఆమె ఏమీ అనలే.
చీర కుచ్చిళ్లు జర లేపి
తన కాలు దిక్కు చూసింది,
ఆగుతవా అని దాన్నే అడిగినట్టు.