పిప్పి

కాగితం మీద రాసిచ్చింది డాక్టరమ్మ:
ఉప్పు తగ్గాలి, పొగపట్టిన సాసేజీ మానాలి,
కూరగాయలు బాగా తినాలి.
తినడం మా వంశంలో ఎవరికీ చేతకాదు కనుక
తాగించేద్దామని తీర్మానించింది బోగుమీవా.

అటక మీంచి జ్యూసర్ దిగింది.
నూలుమిల్లులో పాతికేళ్ళ సర్వీసుకి
వాళ్ళు చేతిలో పెట్టిన బహుమానం.
స్విచ్ నొక్కితే బల్ల మీద గంతులేస్తుంది.
నాలుగు మడతల తువ్వాలు పరిస్తే
కాస్త దారికొస్తుంది.
దాని రంకెలకి కింది వాటా హాల్ష్కా
చీపురుకర్రతో పైకప్పు పొడుస్తుంది.
బోగుమీవాకి వినపడదు.
మగ్గాల హోరులో పాతికేళ్ళు నిలబడ్డ చెవులవి.

ఆరింటికి వూచ్ నగరం మీద ఇంకా చీకటి.
ఒకప్పుడు నేను నడిపిన పదకొండో నంబరు ట్రామ్
ఇప్పుడెవరి చేతిలోనో
మూలమలుపు దగ్గర కీచుమంటుంది
(బ్రేకు తొందరగా వేస్తున్నాడు కుర్రాడు).
నేలమాళిగ ఇసుకలోంచి తవ్వి తెచ్చిన
బీట్‌రూట్ రెండు, క్యారెట్లు నాలుగు,
సెలరీ దుంప అరచెక్క, పుల్లటి యాపిల్ ఒకటి.
తొక్క తీయదు.
నా బూట్లు తోమినంత శ్రద్ధగా
బ్రష్షు పెట్టి తోముతుంది.

మొదటి రోజు మధ్యాహ్నం
మరుగుదొడ్డిలో ఎర్రగా చూసి
వీలునామా గురించి ఆలోచించాను.
తలుపు అవతల నిలబడి
"బీట్‌రూట్ రా గెనేక్, బీట్‌రూట్" అని
నవ్వలేక చచ్చింది.

ఆ చలికాలమంతా అదే వాటా.
నాకు రసం. ఆమెకు పిప్పి.
గుడ్డు కొట్టి, ఇంత రవ్వ కలిపి,
అరచేత్తో అద్ది పెనం మీద వేసుకునేది.
మిగిలితే సూపులో, ఇంకా మిగిలితే రొట్టెపిండిలో.
పారేయవే అంటే
"చేతులెలా వస్తాయి?" అనేది.

ఈ మాట ఇదివరకోసారి విన్నాను ఆమె నోట.
మిల్లు మూసిన రోజు
గేటు తాళాల ముందు నిలబడి
"పీల్చి పిప్పి చేసి బయట పోశారు" అంది.
మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.
నేనూ అడగలేదు.
ట్రామ్ నడిపేవాడు ముందుకే చూడాలని
నాకో అలవాటు.

మార్చిలో రక్తపరీక్ష.
తోడొచ్చింది కదా అని నర్సు
ఆమెకీ సూది గుచ్చింది.
డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని
కళ్ళద్దాలు ఒకసారి తుడుచుకుంది.
నాకు ఉప్పు సంగతి సరే, చక్కెర పెరిగింది.
పీచంతా తీసేసి తీపి మాత్రం మింగితే
పెరగక ఏం చేస్తుందంది.
ఆమె అంకెలు చూస్తూ అడిగింది:
"మీరేం తింటున్నారమ్మా?"

బోగుమీవా చేతిసంచి కొక్కెం
తీసింది, పెట్టింది.
"మిగిలింది" అంది.

మర్నాడు పొద్దున
బల్ల మీద చిన్న గ్లాసులు రెండు,
పళ్ళేలు రెండు.
ఎవరు పెట్టారో చెప్పను,
నాలుగు మెట్లెక్కినా ఆయాసపడేవాడు
రెండుసార్లు నేలమాళిగకి వెళ్ళొచ్చాడని మాత్రం చెబుతాను.
ఆమె గ్లాసెత్తి గుక్కెడు తాగింది.
ఆగింది.
పెదవి మీది ఎరుపు నాలుకతో తుడుచుకుని
నా వైపు తిరిగింది.

"ఇంత తియ్యగా ఉంటుందని
ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

నా నోటినిండా పిప్పి.
నములుతున్నాను.