మూడో బిళ్ళ

చేపల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు దిగి
హోబర్ట్ కొండ మీది మంచుగాలిని
కోటు జేబుల్లో ఇంటిదాకా మోసుకొచ్చి
పొయ్యి వెలిగిస్తాను.
సాల్మన్ ముక్కలు, మెంతిపొడి, పులుసు.
అన్నం ఉండాల్సిన చోట తురిమిన కాలీఫ్లవర్.
తెల్లగానే ఉంటుంది,
పోలిక అంతవరకే.

చింతపండూ లెక్కే. ఉల్లిపాయా లెక్కే.
నాలుగు గ్రాములు, మూడు గ్రాములు...
ఏనాడూ ముద్దలు లెక్కపెట్టని చేతిని
కాటా ముందు నిలబెట్టాను,
ఎక్కాలు అప్పజెప్పమని.

నడుముకి పంపు.
మొన్న దాని గొట్టం సొరుగు పిడికి తగులుకుని
నన్ను వెనక్కి లాగింది,
ఏదో చెప్పడం మరిచిపోయిన మనిషిలా.

మొదట్లో తెలియదు నాకు.
పిండి లేని తిండికి మందెందుకు అనుకున్నాను.
తృప్తిగా తిని పడుకున్నాను.
చేప పడుకోలేదు.
రాత్రి రెండింటికి
చాప కింద నీరులా వచ్చింది చక్కెర,
పన్నెండు పాయింట్ నాలుగు.
మన లెక్కలో రెండొందల పైమాటే.
ఈ దేశంలో అంకెలు పొట్టివి,
కోపం మాత్రం పొట్టిది కాదు.

మర్నాడు పంతం కొద్దీ మొత్తం ఒక్కసారే వేశాను.
చేప ఇంకా గడప దాటనేలేదు,
మందు వచ్చి ఇల్లంతా ఊడ్చేసి పోయింది.
గోడ పట్టుకుని ఫ్రిజ్ దాకా నడిచాను.

క్లినిక్‌లో నర్సు బ్రిజిడ్ కాగితం మీద గీసి చూపింది.
కొంచెం ఇప్పుడు,
మిగతాది నాలుగు గంటల పొడుగునా.
తల ఊపాను గానీ
అర్థమైంది మాత్రం తర్వాతి ఆదివారం,
ఇత్తడి ఫిల్టర్ మీద చెవి పెట్టి
డికాక్షన్ చుక్క చుక్కగా దిగడం వింటున్నప్పుడు.
తొందరపడి తడితే
దిగేది రంగునీళ్ళే.

ఈ రాత్రి అన్నీ సరిగ్గానే చేశాను.
తూచాను, విడగొట్టాను, ఆగాను.
కానీ ఇవాళ టెవిటా పనికి రాలేదు,
అతని ఐసు పెట్టెలూ నేనే ఎత్తాను.
కండలు ఆ బాకీ
అర్ధరాత్రి దాటాక వసూలు చేసుకున్నాయి.
మూడు పాయింట్ రెండు.
పంపు మూడుసార్లు కూసింది.
చెమట, గుండె దడ,
చీకట్లో తలగడ కింద వెతుకులాట.

ఏడాదిగా గుమ్మంలోకి రానివ్వని పంచదారని
ఈ పూట నేనే బతిమాలుకున్నాను.
నారింజ రంగు బిళ్ళ ఒకటి.
ఇంకొకటి.
పావుగంట పక్క మీదే కూర్చున్నాను.
కిటికీ అద్దానికి మంచు పట్టింది,
కింద రేవులో ఏదో పడవ దీపం
వెలుగుతూ ఆరుతూ.
నాలుగు పాయింట్ ఆరు.
చాలు, ఇక ఆపాలి.

మూడోది నోట్లో వేసుకున్నాను.
ఇది ప్రాణానికి కాదు,
నాలుక్కి.
కొరక్కుండా, అంగిట్లో దాచి,
కరిగినంతసేపూ కళ్ళు మూసుకుని.

ఎన్ని తిన్నావంది పంపు.
రెండు అని నొక్కాను.